అమ్మ పెట్టెలో పెట్టేసిన కళ్ళద్దాలు

(పొందూరులో బడిపిల్లలకు కళ్ళద్దాలు పంచిన సభలో ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, టీచర్లకు, తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, ఆ సమయం కూడా నాకే ఇవ్వండి.

రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేస్తున్నాను. ఇందాక ఒక పాప కొత్త అద్దాలు పెట్టుకుని, రెండడుగులు వేసి, "తల తిరుగుతోంది సార్" అని తీసేసింది. ఇప్పుడు దాని గురించే మాట్లాడాలి.

పిల్లలూ, చుట్టూ ఉన్నవి చూసేటప్పుడు మన చూపు మెల్లగా జరగదు, గెంతుతుంది. సెకనుకు సుమారు మూడు గెంతులు. ఒక్కో గెంతుకు సెకనులో పదో వంతు కూడా పట్టదు. వేలు దాటిన గోళీని మధ్యలో మళ్ళించలేం కదా, ఇదీ అంతే. ఈ గెంతు గురి తప్పితే సరిచేసుకునేది తర్వాతి గెంతులోనే.

1967లో మెక్‌లాఫ్లిన్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గుర్తు వైపు కన్ను గెంతడం మొదలుపెట్టగానే, ఆ గుర్తును కాస్త వెనక్కి జరిపేసేవాడు. గెంతే క్షణంలో చూపు మందగిస్తుంది కాబట్టి, జరిపిన సంగతి చూసేవాళ్ళకు తెలియదు. మొదట్లో కన్ను గుర్తును దాటిపోయి, మళ్ళీ చిన్న గెంతు వేసి వెనక్కి వచ్చేది. కొన్ని పదుల సార్లు అయ్యేసరికి గెంతే పొట్టిదైపోయింది! ఎవరూ చెప్పలేదు, మనిషికి తెలియనే తెలియదు. ఈ లెక్క చూసేది తల వెనక ఉండే చిన్నమెదడు. అక్కడ దెబ్బతిన్న కోతులు ఈ సర్దుబాటు నేర్చుకోలేకపోయాయి.

మైనస్ అద్దం లోకాన్ని చిన్నది చేస్తుంది, ప్లస్ అద్దం పెద్దది చేస్తుంది. పాత గెంతులు సరిపోవు. తల తిరిగినట్టుండడానికి అదీ ఒక కారణం.

మా అమ్మ ఈ ఊళ్ళోనే రాట్నం వడికేది. వాలుగ చేప దవడతో దూది ఏకడం నేను ఆవిడ పక్కన కూర్చునే చూశాను. 1984లో రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పట్లో కంట్లో లెన్సు తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. లోకం దాదాపు పావు వంతు పెద్దదైపోయేది. దారం తెగితే కొస దొరికేది కాదు. "ఏట్రా నాయనా, దారమొకకాడుంటే చూపొకకాడికెల్తంది" అనేది. అద్దాలు ఇచ్చినవాళ్ళు ఇచ్చేసి జీపెక్కి వెళ్ళిపోయారు. "కొన్నాళ్ళు ఓపిక పట్టమ్మా, కన్ను నేర్చుకుంటుంది" అని ఒక్కరూ అనలేదు. ఒక్కరూ! బడిలో కటకాల పాఠం చెప్పే నాకూ ఆ మాట తెలియదు. నాలుగో రోజు అద్దాలు రేకు పెట్టెలోకి వెళ్ళాయి. అమ్మ మళ్ళీ రాట్నం ముందు కూర్చోలేదు. ఆ అద్దాల్లో అంచులు వంకరగా కనిపించేవి, అది పోదు. కానీ చూపు గురి కుదిరేది. ఆ కొస దొరికేది.

అమ్మలూ, మీకు దణ్ణం పెడతాను. పిల్లలు తడబడితే తిట్టకండి, అద్దాలు దాచెయ్యకండి. రోజంతా పెట్టుకోనివ్వండి. పెట్టి, తీసి, పెట్టి, తీసి చేస్తే కన్ను ఏ లెక్క నేర్చుకోవాలి? రెండు వారాలైనా తలనొప్పి తగ్గకపోతే మాత్రం నంబరు మళ్ళీ చూపించండి.

ఆ పాప ఏదీ? ఇలా రామ్మా. అద్దాలు పెట్టుకో. నా చెయ్యి పట్టుకుని ఈ మెట్లు దిగు. అదిగో, కాలు కాస్త ముందే పడింది. పర్లేదు తల్లీ, ఇంకా రెండు మెట్లున్నాయి.