తిప్పతీగని ఆకు చూసి కాదు, కాడ కోసి గుర్తుపట్టండి

నమస్కారమండీ. బెజవాడలో బందరు కాలువ గట్టు మీద, గుంటూరులో అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద... ఆకు తమలపాకు ఆకారంలో కనిపిస్తే చాలు, తిప్పతీగేనంటూ పరగడుపున నమిలేస్తున్నారు. మనీప్లాంటుదీ అదే ఆకారం కదా! పైగా ఈ తీగ ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. అప్పుడేం చూస్తారు? ఆయుర్వేదంలో ముఖ్యంగా వాడేదీ కాడనే.

(క్లోజప్: అడ్డంగా కోసిన కాడ)

వేలు లావున్న ముదురు కాడ కోయండి. ఎడ్లబండి చక్రం కనిపిస్తుంది, మధ్య నుంచి అంచుదాకా పుల్లలతో సహా. చక్రం లేదా, అక్కడే వదిలేయండి.

చక్రం ఉన్నా అయిపోలేదు. క్రిస్పా అనే దాయాది తీగ కోసినా ఇదే చక్రం. బండి ఎవరిదో చక్రం చెప్పదు, పైకప్పు చూడాలి. మన తీగ మీద పల్చటి పొర, గోటితో గీకితే లేచొచ్చి కింద పచ్చగా ఉంటుంది. చిన్న చుక్కలుంటే కంగారుపడకండి. క్రిస్పాకి ఒళ్లంతా బుడిపెలు, చేతికి గరుగ్గా తగులుతాయి, గాటు పెడితే తెల్లటి పాలు. మనదాని పండు గుండ్రంగా ఎర్రగా, దానిది కోలగా నారింజరంగులో.

2021లో ముంబై వైద్యులు గిలోయ్, అంటే ఈ తిప్పతీగే, వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. తీగని సరిగ్గా గుర్తించలేదని ఆయుష్ శాఖ అంది. నన్నడిగితే, అసలు తీగైనా "చెట్టు మందే కదా, ఏంకాదు" అనడం తప్పే.

కషాయానికి 20 గ్రాముల పచ్చికాడ, పొర గీకి, నలగ్గొట్టి, 320 మిల్లీలీటర్ల నీళ్లలో సన్నసెగ మీద 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి. మూత పెట్టకండి. మామూలుగా ఎండు మూలికకి బదులు పచ్చిది వాడితే రెట్టింపు తీసుకుంటారు. తిప్పతీగకి ఆ లెక్క లేదు. అది తెలియక రెట్టింపు వేసేవాళ్లు చాలామంది.

టైమైపోతోంది, తిప్పసత్తు, అంటే ఈ కాడలోంచి తీసే తెల్లపిండి, ఎలా చేయాలో గబగబా చెప్తా. చక్రం పుల్లల నడుమ మెత్తటి భాగంలో పిండి ఉంటుంది. పొర తీసి, దంచి, నాలుగు రెట్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి గుడ్డలో వడకట్టి కదలకుండా ఉంచితే తెల్లపిండి అడుగున దిగుతుంది. పైనీళ్లు మెల్లగా వంచేసి ఆరబెట్టండి. పొర సరిగ్గా తియ్యకపోతే సత్తు మురికిరంగు తిరుగుతుంది. మన ఎండలకి ఎక్కువసేపు నానితే పులిసిపోతుంది. చేదు చాలావరకు నీళ్లతో పోతుంది కాబట్టి సత్తూ కషాయం ఒకటి కావు.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, కాలేయ జబ్బు, ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ శక్తే ఒంటిమీద తిరగబడేవి) ఉన్నవాళ్లు డాక్టర్నడక్కుండా ముట్టుకోవద్దు. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, తీగ ముక్క కూడా తీసుకెళ్లండి.