మోడల్ ఇచ్చిన జేసన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? నాలుగు పద్ధతులు నడిపి చూశాను

నమస్కారం అండి. లాంగ్వేజ్ మోడల్స్‌ని తమ ప్రోగ్రాముల్లో వాడుతున్నవాళ్ల కోసం ఈ వీడియో. "జవాబు జేసన్‌లో ఇవ్వు" అని మోడల్‌ని అడుగుతాం, అది ఏదో ఇస్తుంది, దాన్ని మన కోడ్ చదువుకోవాలి. జేసన్ అంటే డేటాని పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ రూపం. ఈ చదివే పనికి జనం వాడే పద్ధతుల్ని ఒకే డేటా మీద నడిపి చూశాను.

అసలు ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ముందు చెప్తాను. కొంతకాలం క్రితం ఒక పనిలో 60 ఫిర్యాదు ఉత్తరాలు కలిపి మోడల్‌కి ఇచ్చి, ఒక్కో ఉత్తరానికి ఒక్కో వరుస చొప్పున జేసన్ లిస్ట్ అడిగాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. డేటాబేస్‌లోకి అంతా ఎక్కేసింది. రెండు రోజుల తర్వాత లెక్క చూసుకుంటే 52 వరుసలే ఉన్నాయి. ఎనిమిది మంది కష్టపడి రాసిన ఉత్తరాలు ఎవరి కంటా పడకుండా పోయాయి. టోకెన్లు అంటే మోడల్ రాసే చిన్న చిన్న టెక్స్ట్ ముక్కలు. జరిగిందేమిటంటే, వాటి పరిమితి దగ్గర మోడల్ జవాబు మధ్యలో తెగిపోయింది. నేను పెట్టుకున్న రిపేర్ కోడ్ ఆ తెగిన చోట బ్రాకెట్లు మూసేసి, బాగానే ఉందని లోపలికి పంపేసింది. తెగిందా లేదా అని నేనే చూసుకోలేదు. అప్పటి నుంచి ఏ పార్సర్‌ని, అంటే జవాబుని చదివే ఏ కోడ్‌ని చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే: తప్పు జరిగితే ఇది నాకు చెప్తుందా?

ఈ రివ్యూకి కూడా అలాంటి ఉత్తరాలే తీసుకున్నాను. పాడైపోయి వచ్చిన వస్తువుల మీద ఫిర్యాదులు. ఒక్కోదాని నుంచి వస్తువు పేరు, ఎన్ని పాడయ్యాయి, ఏ తేదీన అందాయి, సమస్య ఎంత తీవ్రం, ఈ నాలుగూ కావాలి.

మొదటిది అందరం మొదలుపెట్టే పద్ధతి. ప్రాంప్ట్‌లో బతిమాలుకోవడం, వచ్చినదాన్ని పైథాన్‌లో జేసన్ చదివే ఫంక్షన్ అయిన జేసన్ డాట్ లోడ్స్‌కి ఇవ్వడం. స్క్రీన్ మీద చూడండి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే మోడల్ "ఇదిగోండి మీరు అడిగిన జేసన్" అని పలకరించి, కోడ్ చుట్టూ పెట్టే మూడు బ్యాక్‌టిక్స్ గుర్తులు పెట్టి, ఆ తర్వాత అసలు విషయం రాసింది. ఇంకోసారి లిస్ట్ చివర కామా వదిలేసింది. మరోసారి చిన్న అక్షరాల ట్రూ బదులు పైథాన్‌లో రాసినట్టు పెద్ద అక్షరంతో రాసింది, విలువ లేదని చెప్పే నల్ ఉండాల్సిన చోట పైథాన్‌లోని నన్ పెట్టింది. ఇవేవీ జేసన్‌లో చెల్లవు. జేసన్ రూల్స్ రాసి ఉన్న పత్రం, 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8259 చదివితే తెలుస్తుంది, ఆ రూల్స్ చాలా చిన్నవి, చాలా గట్టివి. చివరి కామా ఒప్పుకోదు, సింగిల్ కోట్స్ ఒప్పుకోదు, కామెంట్లు అసలే లేవు.

రెజెక్స్‌తో, అంటే టెక్స్ట్‌లో నమూనా వెతికే పద్ధతితో, మొదటి కర్లీ బ్రాకెట్ నుంచి చివరి కర్లీ బ్రాకెట్ దాకా కోసుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. మోడల్ రెండు ఆబ్జెక్ట్‌లు ఇచ్చిన రోజున అది కూలిపోతుంది. ఆ పనికి పైథాన్‌లోనే జేసన్ డీకోడర్‌కి రా డీకోడ్ అనే మెథడ్ ఉంది. ఆబ్జెక్ట్ మొదలయ్యే చోటు చూపిస్తే అక్కడి నుంచి చదివి, ఎక్కడ ముగిసిందో కూడా చెప్తుంది. రెజెక్స్ కంటే అదే నయం. ఈ పద్ధతి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

రెండోది రిపేర్ లైబ్రరీలు. పైథాన్‌లో జేసన్ రిపేర్ అనేది బాగా వాడుకలో ఉంది. పోయిన కోట్స్ పెడుతుంది, కామాలు సర్దుతుంది, మూయని బ్రాకెట్లు మూస్తుంది. ఆ పని నిజంగా బాగా చేస్తుంది. అయితే ఇలాంటి ఏ సాధనం దగ్గరైనా జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది, ఇక్కడ కాసేపు ఆగి చూద్దాం.

జవాబు తెగిపోయినప్పుడు వరుసలు పోవడం ఒక నష్టం. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి. ఉత్తరంలో 120 వస్తువులు పాడయ్యాయని ఉంది. మోడల్ 12 అని రాసేసరికి టోకెన్లు అయిపోయాయనుకోండి. రిపేర్ ఆ 12 పక్కన బ్రాకెట్ మూస్తుంది. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది చెల్లే జేసన్, చెల్లే నంబర్, పూర్తిగా తప్పు సమాచారం. దీన్ని ఏ టైప్ చెక్కూ పట్టుకోలేదు. అందుకే రిపేర్ దాకా వెళ్లేముందు ఫినిష్ రీజన్ చూడండి. మోడల్ సర్వీసులు జవాబుతో పాటే అది ఎందుకు ఆగిందో చెప్తాయి. మాట పూర్తయి ఆగిందా, పరిమితి తగిలి ఆగిందా అని. పరిమితి తగిలి ఆగితే ఆ జవాబుని ముట్టుకోకండి. పారేసి, ఉత్తరాల్ని చిన్న చిన్న కట్టలుగా మళ్లీ అడగండి. కామాలు, కోట్స్ సర్దడానికి రిపేర్‌ని సంతోషంగా వాడతాను. తెగిన జవాబు దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వను.

మూడోది పైడాంటిక్, డేటా సరైన ఆకారంలో ఉందో లేదో చూసే పైథాన్ లైబ్రరీ. ఈ నాలుగింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, దాచుకోను. మనకు కావాల్సిన డేటా ఆకారాన్ని ఒక క్లాస్‌గా రాస్తాం. ఎన్ని అన్నది పూర్ణసంఖ్య, సున్నా కంటే ఎక్కువ. తేదీ అన్నది నిజమైన తేదీ. తీవ్రత అన్నది తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, ఈ మూడింటిలో ఒకటే. 2023లో వచ్చిన రెండో వెర్షన్‌లో లోపలి భాగాన్ని రస్ట్ అనే వేగమైన భాషలో తిరగరాశారు, అందుకే వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు. మోడల్ ఇచ్చిన టెక్స్ట్‌ని నేరుగా దానికే ఇవ్వొచ్చు, మధ్యలో జేసన్ డాట్ లోడ్స్ అవసరం లేదు.

స్క్రీన్ మీద చూడండి. మోడల్ ఎన్ని అన్న చోట "పన్నెండు" అని అక్షరాల్లో రాసింది. పైడాంటిక్ ఏ ఫీల్డ్‌లో తప్పుందో, ఏం రావాలో, ఏం వచ్చిందో మూడూ చెప్పింది. ఈ ఎర్రర్ మెసేజ్‌ని అలాగే మోడల్‌కి తిప్పి పంపితే చాలాసార్లు అది తన తప్పు సరిదిద్దుకుంటుంది. ఇన్‌స్ట్రక్టర్ అనే లైబ్రరీ ఈ తిప్పి పంపే పనిని మన తరఫున చేసిపెడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో మనమే చెప్పొచ్చు. నేను రెండు దగ్గర ఆపుతాను. ప్రతి ప్రయత్నమూ మళ్లీ ఒక కాల్, మళ్లీ ఖర్చు, మళ్లీ ఎదురుచూపు. రెండుసార్లకీ కుదరలేదంటే ఆ ఉత్తరం మనిషి చేతికి వెళ్లాలి.

పైడాంటిక్‌లోనూ మనం గమనించుకోవాల్సిన మౌనం ఒకటుంది. క్లాస్‌లో లేని ఫీల్డ్ వస్తే, మామూలు సెట్టింగ్‌లో అది పట్టించుకోదు. ఎన్ని అనే ఫీల్డ్‌కి మీరు డిఫాల్ట్‌గా 1 పెట్టారనుకోండి. మోడల్ ఆ ఫీల్డ్‌ని "సంఖ్య" అనే పేరుతో పంపింది. 120 పోయి 1 మిగులుతుంది, ఎర్రర్ ఉండదు. అందుకని ఎక్స్‌ట్రా అనే సెట్టింగ్‌ని ఫర్బిడ్ చేసి పెట్టండి, మోడల్ నింపే ఫీల్డ్స్‌కి డిఫాల్ట్ విలువలు ఇవ్వకండి. ఇంకో మాట, ఐడీలు, ఫోన్ నంబర్లు స్ట్రింగ్‌గానే తీసుకోండి. జేసన్ నంబర్ ముందు సున్నా పెట్టడానికి వీల్లేదు, ఆ సున్నా దారిలోనే పోతుంది.

నాలుగోది, తప్పు రాయడానికే వీలు లేకుండా మోడల్‌ని కట్టేయడం. ప్రతి టోకెన్ ఎంచుకునే ముందు, మన స్కీమాకి, అంటే మనం రాసిన డేటా ఆకారానికి, సరిపడని టోకెన్లన్నిటినీ పక్కకి నెట్టేస్తారు. ఎన్ని అన్న చోట అంకె తప్ప మరేదీ రాయలేదు. సొంత మెషీన్ మీద మోడల్ నడిపేవాళ్లకి అవుట్‌లైన్స్ అనే లైబ్రరీ ఉంది, లామా సీపీపీ అనే ప్రోగ్రాంలో ఇదే పనికి గ్రామర్ ఫైళ్లు ఉన్నాయి. ఓపెన్‌ఏఐ 2023 నవంబర్‌లో జేసన్ మోడ్ తెచ్చింది. అది జేసన్ చెల్లేలా చూస్తుంది, మన స్కీమా సంగతి చూడదు. స్కీమా ప్రకారం ఇచ్చే స్ట్రక్చర్డ్ అవుట్‌పుట్స్ 2024 ఆగస్టులో వచ్చింది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మొదటిది వాడుతున్న కోడ్ నేను చాలా చూశాను, మీది ఒకసారి చూసుకోండి.

నా ఉత్తరాల మీద ఈ పద్ధతిలో ఆకారం ఎక్కడా తప్పలేదు. బ్యాక్‌టిక్స్ గొడవ లేదు, కామాల గొడవ లేదు. టోకెన్లు అయిపోతే ఇదీ తెగుతుంది కాబట్టి ఫినిష్ రీజన్ చెక్ మాత్రం ఇక్కడా ఉండాల్సిందే. ఫీల్డ్స్ వరుస కూడా ముఖ్యమే. మోడల్ ముందు రాసినదాన్ని చూసుకుంటూ తర్వాతది రాస్తుంది. తీవ్రతకి ముందు "కారణం" అనే ఫీల్డ్ పెడితే, కారణం రాసుకున్నాక తీవ్రత ఎంచుతుంది. వెనకాల పెడితే, ముందే ఎంచేసినదానికి కారణం వెతుకుతుంది.

ప్రాంప్ట్‌లో తెలుగు ఉదాహరణలు పెట్టేవాళ్లు ఒకటి గమనించండి. పైథాన్‌లో డేటాని జేసన్‌గా రాసే జేసన్ డాట్ డంప్స్ మామూలుగా తెలుగు అక్షరాల్ని యూనికోడ్ నంబర్లుగా మార్చేస్తుంది. ఒక్క గుర్తు బదులు ఆరు క్యారెక్టర్లు వెళ్తాయి. ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి, తెలుగు తెలుగుగానే వెళ్తుంది.

ఇప్పుడు చివరి ఉత్తరం. ఇందులో తేదీ లేదు. "మొన్నెప్పుడో వచ్చాయి" అని మాత్రమే ఉంది. నా స్కీమాలో తేదీ తప్పనిసరి. మోడల్‌కి ఖాళీ వదిలే దారి లేదు, తేదీ ఆకారంలో ఏదో ఒకటి రాసి తీరాలి. రాసింది కూడా. రోజు, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి, పైడాంటిక్ కూడా పాస్ చేసింది. ఉత్తరం రాసిన మనిషి మాత్రం ఆ తేదీ ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ తప్పు నా స్కీమాది. తేదీకి నల్ కూడా చెల్లుతుందని మార్చి, "ఉత్తరంలో లేకపోతే నల్ పెట్టు" అని ఫీల్డ్ వివరణలో రాసి, మళ్లీ నడుపుతున్నాను. చూడండి, వచ్చింది. తేదీ: నల్.