నీలం లేని నీలి హాలు

అందరికీ నమస్కారం.

స్టాక్‌హోమ్ విశేషాలు చెప్పమంటే అక్కడి మున్సిపల్ ఆఫీసు గురించి చెబుతానన్నాను. నిర్వాహకుల మొహాలు కాస్త చిన్నబోయాయి. ఇంటిపన్ను కౌంటరు తప్ప అందులో చూడ్డానికి ఏముంటుందని వాళ్ల అనుమానం. న్యాయమే!

ఆ ఆఫీసు పేరు స్టాట్స్‌హూసెట్. మేలారెన్ సరస్సు నీళ్లను ఆనుకునే ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పెద్ద పిండిమర ఉండేది, 1878లో కాలిపోయింది. ఆ జాగాలో 1911లో పని మొదలుపెట్టి, దాదాపు 80 లక్షల ఇటుకలు పేర్చి, 1923లో ముగించారు. భవనానికి నక్షా గీసింది వాస్తుశిల్పి రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్. గోపురం ఎత్తు 106 మీటర్లు. పొరుగు దేశం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో టౌన్‌హాలు గోపురం 105.6. పొరుగువాళ్ల మీద పంతం ఎక్కడైనా ఒకటే!

లోపలికి వెళ్లగానే నీలి హాలు. ఎంత వెతికినా నీలం కనబడదు, నాలుగు వైపులా ఎర్ర ఇటుకే. గోడలకు నీలి రంగు వేయించాలన్నది ఓస్ట్‌బెర్గ్ మొదటి ఆలోచన. తీరా గోడ లేచాక ఆ ఎరుపు చూసి మనసు మార్చుకున్నాడు. రంగు మానేసి ఇటుకల ముఖాన్ని చేత్తో చెక్కించాడు. దగ్గరికెళ్లి చూస్తే మఖమల్ గుడ్డలా మెత్తగా అనిపిస్తుంది. పేరు మాత్రం అప్పటికే జనం నోట పడిపోయింది. గీసిన నక్షాకి కట్టుబడి ఉండటం గొప్పే కానీ, కళ్లెదుట లేచిన గోడ చెప్పే మాట వినడం అంతకన్నా కష్టం. నాకు ఆయన నచ్చింది అక్కడే.

ఆ హాల్లో ఒక వెడల్పాటి మెట్లదారి ఉంది. పొడుగు గౌనుతో దిగే ఆడవాళ్లు తడబడకూడదని, ఓస్ట్‌బెర్గ్ తన భార్య చేత పదేపదే ఎక్కించి దింపించి మెట్ల ఎత్తు ఖాయం చేశాడని గైడులు చెబుతారు. ఏటా డిసెంబరు 10న నోబెల్ విందు ఈ హాల్లోనే. దాదాపు 1,300 మంది అతిథులు, మనిషికి బల్ల మీద దక్కే చోటు 60 సెంటీమీటర్లు. మన పెళ్లి బంతే నయమేమో! 1983లో ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1998లో అమర్త్య సేన్, 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్ బహుమతి అందుకున్న రాత్రుల విందులూ ఇక్కడే జరిగాయి. 2019లో అభిజిత్ బెనర్జీ పంచెకట్టుతో, ఆయన భార్య ఎస్తేర్ డుఫ్లో చీరలో బహుమతి అందుకున్నారు. గౌనుల కోసం కొలిచిన మెట్లు చీర కుచ్చిళ్లకూ సరిపోయే ఉంటాయి.

పైన బంగారు హాలు. కోటీ ఎనభై లక్షలకు పైగా గాజు, బంగారు ముక్కలు పొదిగిన గోడలు. ఆ బొమ్మల రూపకర్త ఐనార్ ఫోర్సెత్‌కి, పని చేతికొచ్చేసరికి ముప్పై కూడా నిండలేదు. నడిగోడ మీద స్టాక్‌హోమ్ నగరానికి ప్రతిరూపంగా మేలారెన్ రాణి: గుండ్రటి పెద్ద కళ్లు, పాముల్లాంటి జుట్టు, పెద్ద పాదాలు. ఆ రోజుల్లో చాలామంది ఇదేం రాణి అని మండిపడ్డారట. ఇంకో గోడ మీద గుర్రమెక్కిన ఎరిక్‌కి (పాతకాలపు స్వీడన్ రాజు, తర్వాత సెయింటుగా కొలిచారు) తలే లేదు, పైకప్పు అడ్డొచ్చింది. కొలత తప్పిందంటారు. అసలు ఎరిక్ తల నరికించుకున్న రాజే కదా అని సమర్థించేవాళ్లూ ఉన్నారు. కాంట్రాక్టరు జవాబు ఏ దేశంలోనైనా సిద్ధంగానే ఉంటుంది.

ఇంత బంగారం చూశాక వెళ్లిన గది నగర సభది. కప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. కింద 101 మంది కౌన్సిలర్ల కుర్చీలు, పైన జనం కూర్చుని వినడానికి గ్యాలరీ. మేం వెళ్లిన రోజు సభ లేదు. ఇక్కడ ఎక్కువగా దేని మీద గొడవపడతారని గైడునడిగాను. ఆవిడ నవ్వేసి, ఇళ్లు, స్కూళ్లు, రోడ్ల మీద మంచు ఎత్తడం అంది.