ఒకే ఉప్పెన, నాలుగు ప్రక్రియలు: తరగతి ప్రాజెక్టును కూర్చే పద్ధతి

[తెరపై: కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు చూపే పటం. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పేర్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

వ్యాఖ్యాత: తెలుగు వాచకంలో లేఖ రాయండి, కరపత్రం తయారుచేయండి, సంభాషణగా మార్చండి అని విడివిడిగా అడుగుతుంటారు. వీటిని ఒకే విషయం చుట్టూ అల్లితే బహుప్రక్రియల ప్రాజెక్టు అవుతుంది. పద్యాన్నీ వచనాన్నీ కలిపి నడిపే చంపూ పద్ధతి నన్నయ భారతం నాటి నుంచే మనకు ఉంది కనుక, ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు.

1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమను ముంచెత్తి వేలాది మందిని బలిగొన్న ఉప్పెననే విషయంగా తీసుకుందాం. ముందుగా పాత పత్రికలు చదివి, ఆ రోజును చూసిన పెద్దలతో మాట్లాడి, విన్నదంతా నోటుపుస్తకంలో రాసుకోవాలి. ప్రక్రియల ఎంపిక ఆ తరువాతి పని.

[తెరపై: పాత రేడియో. తరువాత ఒక రేషన్ కార్డు.]

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ ఎంపికలోనే. వార్తలో చెప్పినదాన్నే లేఖలో, లేఖలో చెప్పినదాన్నే కవితలో మళ్లీ చెబితే పుటలు పెరుగుతాయే గాని విషయం పెరగదు. రేడియో హెచ్చరికకు గాలి వేగం తెలుసు, గుడిసెలో ఎవరున్నారో తెలియదు. అది లేఖకు తెలుస్తుంది. ఇక ఏడుగురి పేర్లున్న రేషన్ కార్డులో అయిదు పేర్లను కొట్టివేసి చూపితే, దాని పక్కన కన్నీటి కవిత అవసరం ఉండదని నా అభిప్రాయం. సహాయ శిబిరంలో గుమాస్తాకూ ఒక ముసలమ్మకూ మధ్య నడిచే సంభాషణ నాలుగోది కావచ్చు.

[తెరపై: నాలుగు కాగితాలు, వాటి మీదుగా సాగే ఒక తాటిచెట్టు గీత.]

ఇవి విడిపోకుండా ఉండాలంటే ఒక వస్తువు అన్నిటిలోనూ కనిపించాలి. లేఖలో నీడనిచ్చిన తాటిచెట్టే సంభాషణలో ముసలమ్మ రాత్రంతా పట్టుకున్న చెట్టు కావచ్చు. హెచ్చరికలోకి మాత్రం దానిని బలవంతాన తేనక్కరలేదు. ప్రభుత్వ భాషలో చెట్లు ‘ఆస్తినష్టం’ కింద లెక్కకు వస్తాయి, ఆ మాటే చాలు.

ప్రతి రచన కింద ఏది ఆధారమున్నదో, ఏది కల్పనో రెండు వాక్యాల్లో తెలపాలి. రేషన్ కార్డులోని పేర్లు కల్పితమైతే ఆ మాట అక్కడే రాయాలి. ఉప్పెనలో నిజంగా పోయినవారి పేర్లను వారి ఇంటివారిని అడగకుండా వాడకూడదు.