టిఫిన్ డబ్బాల కాపలా

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారాలు. ఈ వేదికకు మూడు మెట్లున్నాయి. నలుగురు కలిసి చక్రాల కుర్చీతో సహా ఎత్తి పైన కూర్చోబెడతామని నిర్వాహకులు ఆప్యాయంగానే అన్నారు గాని, నేను వద్దని చెప్పి కింది నుంచే మాట్లాడుతున్నాను. మూడు మెట్లంటే సుమారు అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు చొప్పున 18 అడుగుల ర్యాంపు కావాలి. గోడ వెంబడి అంత చోటు ఉందని లోపలికి వస్తూనే చూసుకున్నాను.

వికలాంగుల హక్కుల చట్టం గురించి చెప్పమన్నారు. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాలను 2016 చట్టం 21కి పెంచిందని మీకు తెలిసే ఉంటుంది. అదే చట్టం 29వ సెక్షన్ ఆరుబయటి శిబిరాల్లో, సాహస కార్యక్రమాల్లో మేము పాల్గొనే వీలు కల్పించమంటున్నదని చెబితే మాత్రం చట్టం చదివినవారు కూడా ఆశ్చర్యపోతారు. మాకు పింఛను కావాలని తోచినవారికి, మాకు కొండ ఎక్కాలని ఉంటుందని తోచదు. వికలాంగులన్న పిలుపు దివ్యాంగులని మారింది, మెట్లు మారలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడివాళ్లు గోల్కొండకు తీసుకెళ్లారు. అప్పట్లో చంకకర్రలతో నడిచేదాన్ని. పైదాకా మెట్లు 360 వరకు ఉంటాయి. మాస్టారు నన్ను చెట్టు నీడన కూర్చోబెట్టి, "ఈ డబ్బాలు చూస్తూ ఉండమ్మా" అన్నారు. నలభై టిఫిన్ డబ్బాలు. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తాయని చెప్పారు కదా అని, కాపలా వదిలి అక్కడికి వెళ్లి, చేతులు మండేదాకా కొట్టాను. కిందికి వచ్చాక నా స్నేహితురాలు, "వినబడ్డాయే, కానీ నువ్వో ఇంకెవరో తెలియలేదు" అంది.

"పడితే ఎవరిది పూచీ?" అని మాస్టారు ఆనాడు అన్న మాటే నేటికీ ప్రతిచోటా వింటున్నాను. చూపు లేని ఎరిక్ వైహెన్‌మేయర్ 2001లో, కృత్రిమ కాలితో అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్టు ఎక్కారు. వారిని చూసి పరవశించమని అడగటం లేదు. ఎరిక్‌కు దారి తెలిసేలా ముందు నడిచేవారు గంట మోగించేవారన్న సంగతిని గుర్తించమంటున్నాను. పూచీ అంటే ఆ గంట, సరిగ్గా అమరిన కాలు, తాడు పట్టుకోవటం తెలిసిన మనిషి. మన ఊరి చుట్టూ ఎక్కేందుకు ఇన్ని గ్రానైటు రాళ్లున్నాయి. పట్టు దొరికే చోటును వేళ్లతో వెతుక్కోవటం చూపు లేని పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

గోల్కొండ రాళ్లను పగలగొట్టమని ఎవరూ కోరటం లేదు. కింది ప్రాంగణంలో చక్రాలు కదిలే బాట, మెట్లకు చేతిపట్టు, తడిమి చూసేందుకు కోట నమూనా ఉంటే చాలా దూరం వెళ్లినట్టే. ఇటువంటివి చేస్తే మంచిదని సలహా ఇచ్చి ఊరుకుంటే చాలదని, తప్పనిసరి నియమాలు చేయమని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను రాసింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారే.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. అయ్యా, అమ్మా, ఈసారి విహారయాత్రకు చోటు నిర్ణయించే ముందు, మీ తరగతిలో నాలాంటి పిల్ల ఉంటే, ఎక్కడికి వెళదామని మొదట ఆమెనే అడగండి. టిఫిన్ డబ్బాలను బస్సులో పెట్టి తాళం వేయవచ్చు.