ఎంజీబీఎస్ దాటని మెట్రో

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ కమిటీ మిత్రులకు, మబ్బు పట్టినా లెక్కచేయకుండా వచ్చిన లాల్‌దర్వాజా, షాలిబండ, అలియాబాద్ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. అధ్యక్షుల వారు నా గురించి చాలా చెప్పారు. ఇక్కడి సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషినని చెబితే సరిపోయేది.

నాకిచ్చిన అంశం 'పిల్లల్లో చదివే అలవాటు'. మన పిల్లలు చదవడం లేదని అందరూ అంటున్నారు. మరి ఎప్పుడు చదవాలి? మన గ్రంథాలయం రాత్రి ఎనిమిదింటికి మూస్తాం. మా అమ్మాయి హైటెక్ సిటీలో పనిచేస్తుంది. షాలిబండలో షేర్ ఆటో ఎక్కి చార్మినార్ దగ్గర దిగుతుంది, ఇంకో ఆటోలో అఫ్జల్‌గంజ్ పోతుంది, అక్కణ్ణుంచి నడిచి ఎంజీబీఎస్‌లో, అదే మహాత్మా గాంధీ బస్టాండు దగ్గర, మెట్రో ఎక్కుతుంది. అమీర్‌పేటలో దిగి, మెట్లు మారి, రాయదుర్గం రైలు పట్టుకుంటుంది. మెట్రోలో కూర్చున్నంతసేపూ టెన్షన్ లేదంటుంది. టెన్షనంతా ఎంజీబీఎస్‌కి ఇవతలే. సాయంత్రం మదీనా దగ్గర జామ్‌లో ఇరుక్కుంటే ఇంటికొచ్చేసరికి తొమ్మిది. కాబట్టి పెద్దలు మన్నించాలి, ఈ రోజు నేను మెట్రో గురించే మాట్లాడతాను.

ఎంజీబీఎస్ నుంచి మన పాతబస్తీలోని ఫలక్‌నుమాకి ఐదున్నర కిలోమీటర్లు. ఇది ఎవరో కొత్తగా ఇస్తున్న వరం కాదు. 2010లో మెట్రో కట్టే కంపెనీ ఎల్ అండ్ టీతో ఒప్పందం అయినప్పుడే రెండో కారిడార్ సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండు నుంచి ఫలక్‌నుమా వరకు అని రాసుకున్నారు. 2017 నవంబరులో మియాపూర్‌లో మెట్రో ప్రారంభమైంది. 2018లో ఎల్బీనగర్‌ పోయింది. 2019లో రాయదుర్గం పోయింది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. పాతబస్తీ వైపు మూసీ దాటలేదు. ఊరు ఏ ఒడ్డున పుట్టిందో ఆ ఒడ్డుకి రాలేదు.

ఎందుకు రాలేదు? 2014లో రాష్ట్రం వచ్చాక అసెంబ్లీ దగ్గర, సుల్తాన్‌బజార్ దగ్గర, పాతబస్తీలో దారి మార్చాలని అప్పటి ప్రభుత్వం అంది. మజ్లిస్ పార్టీ, అంటే ఎంఐఎం వాళ్లు, మసీదులు, మొహర్రం పీర్లు నిలిపే ఆషుర్‌ఖానాలు, దుకాణాలు పోతాయి, మూసీ ఒడ్డు మీదుగా బహదూర్‌పురా వైపు తిప్పండి అన్నారు. అలా పోతే ఖర్చు పెరుగుతుంది, ఎక్కేవాళ్లు తగ్గుతారు అని అధికారులన్నారు. చివరికి సుల్తాన్‌బజార్‌లో పాత దారినే కట్టారు. మనకి కూడా పాత దారే అన్నారు. కానీ కట్టలేదు. అదే మజ్లిస్ తర్వాత అసెంబ్లీలో పాతబస్తీ మెట్రో ఏదని నిలదీసింది. 2022-23 బడ్జెట్‌లో 500 కోట్లు చూపించారు. ఇక్కడ ఒక్క స్తంభం లేవలేదు.

2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర కొత్త ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. తర్వాత దీన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పెంచి, మొత్తం 76.4 కిలోమీటర్ల రెండో దశలో కలిపి, 2024 నవంబరులో ఢిల్లీకి పంపారు. 24,269 కోట్లు, కేంద్రం, రాష్ట్రం సగం సగం భాగస్వాములుగా ఉమ్మడి సంస్థ. అప్పట్నుంచి కేంద్రమే ఆపిందని రాష్ట్రం వాళ్లు, వివరాలు సరిగా ఇవ్వలేదని కేంద్రం వాళ్లు. మధ్యలో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంది. దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా మొదటి దశను తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్రం ఒప్పుకుంది.

ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల సంగతీ ఇంతే. రెండో దశలో మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టాలని రాసుకుని, డబ్బెవరివ్వలేదన్న దాని మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మన ఉప్పుగూడ స్టేషన్లో నిలబడ్డవాళ్లని ఒక్కరైనా అడిగారా? ఒక్కరైనా?

చార్మినార్‌కి ఏమవుతుందోనని హైకోర్టుకి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. అది 1591 నాటి కట్టడం. అడగాల్సిందే, ఇంజనీర్లు కాగితం మీద జవాబు చెప్పాల్సిందే. స్టేషన్ అర కిలోమీటరు దూరంలో వస్తుందంటున్నారు. చెప్పండి, చూపించండి, త్వరగా తేల్చండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. షాలిబండ రోడ్డు మీద ఒక టైలర్ ఉన్నాడు. పేరు చెప్పను, మీలో సగం మందికి యూనిఫారాలు కుట్టింది ఆయనే. మిషన్ పెడితే మనిషి పక్కకి తిరిగి లోపలికి పోవాలి, అంతే మడిగె. వాళ్ల నాయన కాలం నుంచి అదే కిరాయి మడిగె. షట్టర్ పక్కన గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశారు. రోడ్డు వంద అడుగులు చేయాలి, స్టేషన్ల దగ్గర నూట ఇరవై. ఆ గీత ఆయన మిషన్‌కి అవతల ఉంది, అంటే మిషన్ మొత్తం రోడ్డులోకి పోతుంది. ఓనరుకి నోటీసు వచ్చింది. గజానికి 81,000 పరిహారం అని ప్రకటించారు కదా, 2025 జనవరిలో కలెక్టరేట్‌లో మొదటి చెక్కులు కూడా ఇచ్చారు. ఇవ్వాలి, ఓనరుకి అది న్యాయం.

టైలర్ ఒక ఆఫీసుకి పోయాడు. జాబితా చూపించారు. ఓనరు పేరుంది, గజాలున్నాయి, అంతే. బయటికొచ్చి నన్ను అడిగాడు: "నా పేరెక్కడుంది మాస్టర్ సాబ్?"

అప్పుడు చట్టం తెప్పించి చదివాను. 2013 భూసేకరణ చట్టం. అందులో 'బాధిత కుటుంబం' అంటే భూమి ఉన్నవాడే కాదు. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ అదే బతుకుతెరువుగా ఉన్నవాళ్లూ, చేతివృత్తుల వాళ్లూ అందులో ఉన్నారు. వృత్తిపనివాళ్లకు, చిన్న వ్యాపారులకు కనీసం 25,000 ఒకసారి సాయంగా ఇవ్వాలని రెండో షెడ్యూల్లో ఉంది. 25,000 ఎంత? కొత్త చోట అడ్వాన్సుకి కూడా చాలదు. కానీ పేరెక్కితేనే మనిషి లెక్కలోకి వస్తాడు. లేకపోతే ఖాళీ చేయమనేదాకా ఆయన ఉన్నాడని ఎవరికీ పట్టదు. నేను విన్న ఏ పార్టీ సభలోనూ కిరాయిదారు గురించి ఒక్క మాట రాలేదు. గులాబీ సభలో రాలేదు, మూడు రంగుల సభలో రాలేదు, పతంగి సభలో రాలేదు, కమలం సభలోనూ రాలేదు.

మెట్రో వద్దనడం లేదు. రావాలి, ఫలక్‌నుమా దాకా రావాలి, చాంద్రాయణగుట్ట దాకా రావాలి. మా అమ్మాయికి కావాలి, మీ పిల్లలకి కావాలి. ఆ టైలర్‌కి కూడా కావాలి, ఆయన కొడుకు అమీర్‌పేటలో కోచింగ్‌కి పోతున్నాడు. దాని కోసం ఆయన మిషన్ రోడ్డున పడాల్సిన పనిలేదు. దారి మీద ఏళ్లకేళ్లు కొట్లాడుకున్నవాళ్లు, దారి తేలాక ఆ దారిలో బతికేవాళ్ల గురించి ఒక్కరోజు కూర్చుని మాట్లాడలేరా?

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలు ఇవ్వండి. రేపు ఓట్లడగడానికి ఎవరొచ్చినా రెండే అడగండి. పని ఎప్పుడు మొదలవుతుంది, తేదీ చెప్పు. కిరాయిదారుల జాబితా ఎక్కడుంది, చూపించు. మూడో ప్రశ్న వద్దు. ఈ రెంటికీ జవాబు రానంత వరకు పక్క విషయంలోకి పోనివ్వకండి.

ఇంకొకటి. హరిబౌలి నుంచి అలియాబాద్ దాకా రోడ్డు మీద కిరాయికి దుకాణం నడిపేవాళ్లెవరైనా సరే, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాలుకి రండి. కిరాయి రసీదులు, కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్సు, ఆధార్, ఏది ఉంటే అది, రెండేసి జిరాక్సులు తెచ్చుకోండి. రసీదు లేనివాళ్లూ రండి, పక్క దుకాణం వాళ్లతో సాక్ష్యం రాయిద్దాం. దరఖాస్తు తెలుగులో, ఉర్దూలో నేను రాసి పెడతాను. అందరి పేర్లతో ఒకే జాబితా చేసి కలెక్టర్ గారికి సోమవారం ప్రజావాణిలో ఇద్దాం, రసీదు తీసుకునే వద్దాం. కమిటీ వారు హాలు తాళం ఇస్తామని ఇప్పుడే తలూపారు, వాళ్లకు నా నమస్కారాలు.