‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా: బైబిలు అనువాదాల నమ్మకం మీద ఒక ప్రసంగం

పెద్దలకు వందనాలు.

“ఏ బైబిలు అనువాదం సరైనది?” అని నన్ను అడిగేవారి చేతిలో సాధారణంగా రెండు పుస్తకాలుంటాయి. ఒకటి తెలుగుది. రెండోది ఇంగ్లీషుది, అందులోనూ ఎక్కువగా 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు. రెంటికీ తేడా కనబడగానే తప్పు తెలుగువాడిదేనని తీర్పు వచ్చేస్తుంది. ఇంగ్లీషుదీ అనువాదమే కదండీ! పాత నిబంధన ఎక్కువ భాగం హీబ్రూలో, కొంత అరామిక్‌లో ఉంది. కొత్త నిబంధన గ్రీకులో ఉంది. పక్క అంగడి సరుకును తూకపురాయిగా పెట్టి మన సరుకు తూస్తే ఎలా?

యోహాను మొదటి పత్రిక అయిదో అధ్యాయం తీయండి. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని, వారు తండ్రి, వాక్యం (అంటే క్రీస్తు), పరిశుద్ధాత్మ అని, ఆ ముగ్గురూ ఒకటేనని కింగ్ జేమ్స్‌లో ఉంటుంది. మన సంఘాల్లో చదివే పాత తెలుగు అనువాదంలో ఆ మాట లేదు. ఆత్మ, నీళ్లు, రక్తం, అంతే. “త్రిత్వాన్నే కత్తిరించారు!” అని ఒకాయన నా మీద కేకలు వేశాడు, కత్తెర నా జేబులో ఉన్నట్టు.

జరిగింది వేరు. 1516లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు గ్రీకు కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు, తాను చూసిన గ్రీకు వ్రాతప్రతుల్లో ఆ మాట లేదు కాబట్టి వేయలేదు. 1519 ముద్రణలోనూ వేయలేదు. ఆ మాట ఉన్న లాటిన్ బైబిలుకు అలవాటుపడినవారు మండిపడ్డారు. తరువాత ఆ మాట ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికి వచ్చింది. అది ఆ రోజుల్లోనే రాసిన ప్రతి అని నేటి పండితుల అభిప్రాయం. ఎరాస్మస్ 1522 ముద్రణలో ఆ మాట చేర్చాడు. అక్కడినుంచి అది కింగ్ జేమ్స్ దాకా నడిచి వచ్చింది. 1881లో ఇంగ్లీషువారే తమ సవరణలో దాన్ని తీసేశారు. కాబట్టి మనది లోటు కాదు, వాళ్లది అదనం.

ఇరవై మూడో కీర్తనా అంతే. మనం చిన్నప్పటినుంచీ “గాఢాంధకారపు లోయ” అని వల్లించాం. కింగ్ జేమ్స్‌లో అది మరణపు నీడ పడిన లోయ. అక్కడి హీబ్రూ మాట ‘సల్మావెత్’. దాన్ని రెండుగా విడగొడితే నీడ, మరణం అని వస్తాయి. ప్రాచీన గ్రీకు అనువాదకులు అలాగే విడగొట్టారు. చీకటి అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందని చాలామంది నేటి పండితులు అంటారు. ఇటీవలి ఇంగ్లీషు అనువాదాలు కొన్ని చిమ్మచీకటి లోయకే వచ్చాయి. ఆ మరణపు నీడలోని వణుకు నాకూ ఇష్టమే. అయితే వణుకు వేరు, కచ్చితత్వం వేరు.

ఇక ఇంగ్లీషువాడికి ఎప్పుడూ రాని చిక్కు ఒకటి మనకుంది. మార్కు నాలుగో అధ్యాయంలో తుపాను, దోనెలోకి నీళ్లు. యేసు అమరం దగ్గర తలగడ మీద నిద్రిస్తున్నాడు. శిష్యులు ఆయన్ని లేపి తాము నశించిపోతున్నామని మొరపెట్టుకున్నారు. ఆ మాటలో యేసు కూడా ఉన్నాడా, లేడా? గ్రీకు చెప్పదు, ఇంగ్లీషూ చెప్పదు. తెలుగులో మాత్రం సర్వనామం వేశామా, తేల్చి తీరాలి. ‘మనం’ అంటే ఆయనా మునిగేవాడే. ‘మేము’ అంటే ఆయనకు ఏమీ కాదని శిష్యులకు ముందే తెలుసన్నమాట. పాత అనువాదం “మేము నశించిపోవుచున్నాము” అనేసింది. కానీ గాలి అణిగాక ఆ శిష్యులే, గాలీ సముద్రమూ లోబడుతున్నాయే, ఈయన ఎవరని భయంతో ఒకరినొకరు అడుగుతారు. అప్పటిదాకా తెలియనివారు ముందే ఆయన్ని విడిగా ఎలా లెక్కపెట్టారు? “మా గోడు నీకు పట్టదా” అనే నిష్ఠూరంగా తీసుకుంటే ‘మేము’ నప్పుతుంది, ఒప్పుకుంటాను. నా మొగ్గు మాత్రం ‘మనం’ వైపే. సర్వనామం వదిలేసి క్రియతో సరిపెట్టడం మరీ క్షేమం.

పాత అనువాదాన్ని ఇంతసేపు వెనకేసుకొచ్చాను కాబట్టి అది దాచేసిన సంగతి ఒకటి చెప్పాలి. కానా పెండ్లిలో యేసు తల్లిని “అమ్మా” అని పిలుస్తాడు. బావి దగ్గర సమరయ స్త్రీనీ “అమ్మా” అంటాడు. గ్రీకులో రెండుచోట్లా మాట ఒక్కటే, ‘గునాయ్’. దాని అర్థం స్త్రీ. పరాయి ఆడవారిని అలా పిలవడం అమర్యాద కాదు. కన్నతల్లిని అలా పిలవడమే వింత, గ్రీకు పాఠకుడు అక్కడ ఆగుతాడు. మనం ఆగం. తల్లిని కొడుకు అమ్మా అన్నాడు, అందులో వింతేముంది? పోనీ “ఓ స్త్రీ” అని వేద్దామంటే, తెలుగులో ఏ కొడుకూ తల్లితో అలా మాట్లాడడు. లేని కసురు వినిపిస్తుంది. ఆ వచనం నా చేతికి వచ్చి ఉంటే రెండు రాత్రులు నిద్రపట్టేది కాదు. చివరికి నేనూ “అమ్మా” అనే వేసి, పుట అడుగున చిన్న అక్షరాలతో ఒక సూచిక రాసేవాణ్ని.